22 నిమిషాల సూర్యుడు

సీరియల్ నవలలు చదివేవాళ్లలో రెండు తెగలున్నాయి. మొదటి తెగవారు పత్రిక చేతికి రాగానే బొమ్మలైనా చూడకుండా సరాసరి ఆ పేజీకి పోయి, కిందటివారం వరదలో కొట్టుకుపోతూ మిగిలిపోయిన కథానాయిక ఒడ్డు చేరిందో లేదో తేల్చుకుంటారు. రెండవ తెగవారు నవల పూర్తయి పుస్తకంగా వచ్చేదాకా ఓపిక పడతారు. అప్పుడు కూడా ముందు ఆఖరి ప్రకరణం చదివి, పెళ్లి జరిగిందని రూఢి చేసుకున్న తరవాత గాని మొదటి పేజీ ముట్టరు. ఎవరి సుఖం వారిది.

ఈవారం చెప్పబోయే వస్తువు రెండవ తెగవారికి పనికిరాదు. ఆ మాట ముందే చెప్పి వుంచడం మర్యాద.

అది నవల కాదు, నాటకం కాదు, సినిమా అంతకన్నా కాదు. కంప్యూటరు తెరమీద ఆడే ఆట. పేరు 'ఔటర్ వైల్డ్స్'. 2019 మే నెలలో అమెరికాలో వెలువడింది. అదే సంవత్సరం అక్టోబరులో 'ది ఔటర్ వరల్డ్స్' అని మరొక ఆట వచ్చింది. పేర్లు చూస్తే కవలల్లా వుంటాయి గాని గుణాలు వేరు. దానిలో తుపాకులున్నాయి, దీనిలో లేవు. కొనేవారు పేరు రెండుసార్లు చదువుకుని మరీ కొనాలి.

వీడియో ఆట అనగానే మన పెద్దలు మొహం చిట్లిస్తారు. పిల్లలు పుస్తకం మూసి ఆడేదీ, కనబడ్డవాణ్ణల్లా కాల్చి పారేసేదీ అని వారి అభిప్రాయం. ఆ అభిప్రాయానికి ఆధారం లేకపోలేదు. కాని నవలల్లో అపరాధ పరిశోధనలూ వుంటాయి, మనిషిని నాలుగు రోజులు నిద్రపోనివ్వకుండా ఆలోచింపజేసేవీ వుంటాయి గదా. ఆటల్లోనూ అంతే. ఈ ఆట రెండూ. అపరాధ పరిశోధనలాగా ఆధారాలు వెతికిస్తుంది. వెతుకుతున్నది హంతకుణ్ణి కాదని కొంతసేపటికి తెలుస్తుంది.

దీనికున్న ఆస్తి అంతా రహస్యమే కనక మనలో మనకు ఒక ఒడంబడిక. గ్రహం మీద కాలుపెట్టిన ఎవరి కంటికైనా కనబడేది మాత్రమే ఇక్కడ చెబుతాను. ముడులు చూపిస్తాను గాని విప్పను. ఇది చదివిన తరవాత కూడా మీరు హాయిగా ఆడుకోవచ్చు.

*

ఆట పుట్టుక కూడా కొంచెం కథలాగే వుంటుంది. అలెక్స్ బీచమ్ అనే యువకుడు దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో పట్టా కోసం తయారుచేసిన సిద్ధాంత ప్రయోగం ఇది. మనవాళ్లు పట్టా కోసం రాసిన గ్రంథాలు ఏ బీరువాలో నిద్రపోతున్నాయో ఆ బీరువాలకే తెలియాలి. ఈ అబ్బాయి గ్రంథం మాత్రం బయటికి నడిచివచ్చింది. 2015లో, ఇంకా సగం చెక్కిన బొమ్మగా వుండగానే, స్వతంత్రంగా ఆటలు చేసేవారి పోటీలో ఘనబహుమతి తెచ్చుకుంది. ఆ ఏడే జనం దగ్గర చందాలు పోగుచేస్తే లక్ష డాలర్లకు పైచిలుకు వచ్చింది. దీన్ని పెంచి పెద్దచేసిన మోబియస్ డిజిటల్ అనే సంస్థను స్థాపించినాయన మాసీ ఓకా, 'హీరోస్' అనే టెలివిజన్ ధారావాహికలో నటించిన నటుడు. మాటలు రాసింది అలెక్స్ సోదరి కెల్సీ బీచమ్. సంగీతం ఆండ్రూ ప్రాలో. ప్రచురించింది అన్నపూర్ణా ఇంటరాక్టివ్ అనే కంపెనీ. మన అన్నపూర్ణా స్టూడియోకూ దీనికీ ఏ చుట్టరికమూ లేదు, పేరు కలిసిందంతే. 2020లో బ్రిటిష్ అకాడమీ వారు ఆ ఏటి ఉత్తమమైన ఆటగా దీన్ని ఎన్నుకున్నారు.

ఇక కథ. టింబర్ హార్త్ అని చిన్న గ్రహం. దానిమీద దేవదారు చెట్ల మధ్య ఒక పల్లెటూరు. ఊళ్లో వున్నవాళ్లకు తలా నాలుగు కళ్లు. కళ్లజోడు వల్ల వచ్చినవి కావు, పుట్టుకతో వచ్చినవే. ఈ ఊరివాళ్లు చెక్కా రేకూ కలిపి మేకులు కొట్టి ఆకాశనౌకలు తయారుచేస్తారు. ఆటగాడు ఆ ఊరి కుర్రవాడు లేదా పిల్ల, ఎవరైనా అనుకోవచ్చు. ఇవాళే మొదటిసారి ఆకాశంలోకి వెళ్లవలసిన రోజు. నెగడు పక్కన నిద్రలేచేసరికి నెత్తిమీద పచ్చటి పెద్ద గ్రహం, దాని దగ్గర ఏదో పేలిన మెరుపు కనిపిస్తాయి. ఊళ్లోవాళ్లను పలకరించి, మ్యూజియం చూసి, నౌక తలుపు తెరిచే అంకెలు పెద్దాయన దగ్గర పుచ్చుకుని బయలుదేరుతారు.

బయలుదేరి కొంత తిరిగారో లేదో, సూర్యుడు ఎర్రగా ఉబ్బి, ఒక్కసారి ముడుచుకుని, పేలిపోతాడు. నీలికాంతి గోడలాగా వచ్చి గ్రహాలన్నిటినీ, వాటితోపాటు మిమ్మల్నీ మింగేస్తుంది.

కళ్లు తెరిస్తే మళ్లీ నెగడు. మళ్లీ పచ్చటి గ్రహం. మళ్లీ ఆ మెరుపు.

మొదటి మేలుకొలుపు నుంచి చివరి పేలుడు దాకా 22 నిమిషాలు. ఆ తరవాత కాలం వెనక్కి తిరుగుతుంది. ఊళ్లోవాళ్లకు ఏమీ గుర్తుండదు. మీకు మాత్రం అంతా గుర్తుంటుంది. ఎందుకిల్లా అవుతున్నది? సూర్యుడెందుకు పేలుతున్నాడు? కాలం ఎవరు తిప్పుతున్నారు? ఇవీ ప్రశ్నలు. జవాబులు ఆ చిన్న సూర్యకుటుంబంలో చెల్లాచెదురుగా పడివున్నాయి. వెళ్లి ఏరుకోవాలి.

*

ఏరుకునే చోట్లు ఎల్లాంటివో కొంచెం చెప్పాలి. ఈ ఆట గొప్పతనంలో సగం అక్కడే వుంది.

మామూలు ఆటల్లో ఊళ్లూ అడవులూ నాటకాల కంపెనీ తెరల్లాంటివి. మీరు వస్తే కనబడతాయి, పోతే చుట్టేస్తారు. ఇక్కడ గ్రహాలు నిజంగానే సూర్యుడి చుట్టూ తిరుగుతూంటాయి. మీరు చూసినా సరే, చూడకపోయినా సరే, వాటి పని అవి చేసుకుపోతూంటాయి.

ఇసుక గడియారం కవలలని రెండు గ్రహాలు ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతాయి. యాష్ ట్విన్ మీది ఇసుక ధారగా ఎంబర్ ట్విన్ మీదికి పోతూంటుంది. మొదటి నిమిషాల్లో ఎంబర్ ట్విన్ గుహల్లో ఎక్కడికైనా నడిచిపోవచ్చు. ఆలస్యమైతే ఇసుక మోకాళ్లకు వస్తుంది, తరవాత నెత్తికి. అటు యాష్ ట్విన్ మీద ఇసుక తగ్గేకొద్దీ కిందనున్న గోపురాలు బయటపడతాయి. ఒకచోట తలుపు మూసుకుపోతూంటే మరొకచోట తలుపు తెరుచుకుంటూ వుంటుందన్న మాట.

బ్రిటిల్ హాలో అనే గ్రహం గుల్ల. పైన పెంకు, లోపల మధ్యలో కృష్ణబిలం. దాని చందమామ నిప్పులు కక్కుతూ ఆ పెంకును పగలగొడుతూంటుంది. మీరు నిలబడ్డ నేల ఏ క్షణాన కిందికి పోతుందో తెలియదు. పోతే మీరు కూడా దాంతో బిలంలో పడి, సూర్యకుటుంబానికి ఆ చివర శ్వేతబిలంలోంచి బయటపడతారు. మొదటిసారి పడ్డప్పుడు ప్రాణం పోయిందనుకుంటాం. పదోసారి పడ్డప్పుడు దారి దగ్గరైందని సంతోషిస్తాం.

జయంట్స్ డీప్ అనే పచ్చటి గ్రహం అంతా సముద్రమే. సుడిగాలులు లంకల్ని నీళ్లలోంచి ఎత్తి ఆకాశంలోకి విసిరి మళ్లీ కింద పడేస్తూంటాయి. డార్క్ బ్రాంబుల్ అనేది ముళ్లకంప. బయటినుంచి చూస్తే ఇంత, లోపలికి వెళితే అంతులేదు. ఆ పొగమంచులో దూరంగా దీపం కనిపిస్తుంది. అది ఎవరి దీపమో తెలిసేసరికి సాధారణంగా ఆలస్యమైపోతుంది. ఇవి గాక ఒక చందమామ వుంది. చూస్తున్నంతసేపూ చూసినచోటే వుంటుంది. కళ్లు మరల్చామా, ఇంకెక్కడికో పోతుంది. బాకీపడ్డ పెద్దమనిషికి వుండే ఈ లక్షణాన్ని చందమామకు అంటగట్టడంలో క్వాంటమ్ శాస్త్రం తాలూకు చమత్కారం వుంది.

ఈ లోకంలో నౌక నడపడం కూడా నిజానికి దగ్గరగా వుంటుంది. శూన్యంలో గాలి లేదు గనక ఒకసారి తోస్తే పోతూనే వుంటారు. ఆగాలంటే అంతసేపూ ఎదురు తోయాలి. ఆ సంగతి మరిచిపోయినవాళ్లు గ్రహం మీద దిగరు, గ్రహానికి గుద్దుకుంటారు. తనంతట తానే నడిచే సదుపాయం నౌకకు వున్నమాట నిజమే. కాని దారిలో సూర్యుడు అడ్డం వున్నా అది తప్పుకోదు, మిమ్మల్ని తిన్నగా అందులోకే తీసుకుపోతుంది. అంతరిక్షపు దుస్తులు తొడుక్కోవడం మరిచి నౌక తలుపు తీసి ప్రాణం పోగొట్టుకోని ఆటగాడు అరుదు.

*

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. తక్కిన ఆటల్లో ఆటగాడు ముందుకు పోయేకొద్దీ ఏదో ఒకటి గడిస్తాడు. మంచి కత్తి, దిట్టమైన కవచం, బంగారు నాణాలు, పెద్ద పదవి. మన లోకంలో పెద్దమనుషులు గడించే వస్తువుల పట్టికే అది. ఔటర్ వైల్డ్స్‌లో ఇవేవీ లేవు. మొదటి నిమిషంలో మీ దగ్గర ఏ నౌక, ఏ పనిముట్లు వున్నాయో ఆఖరి నిమిషంలోనూ అవే. 22 నిమిషాలకోసారి అన్నీ పోతాయి. మిగిలేది మీరు తెలుసుకున్నది ఒక్కటే.

నౌక తలుపు అంకెలే చూడండి. మొదటిసారి వాటికోసం ఊరంతా తిరిగి మ్యూజియం మెట్లెక్కాలి. రెండవసారి అక్కర్లేదు. అవి మీకు తెలుసు. తక్కిన ప్రతి తలుపూ అటువంటిదే. తాళంచెవి అనేది లేదు, తాళంచెవి ఒక సంగతి. ఇసుక ఎప్పుడు దిగుతుంది, సుడిగాలి ఎటు తిరుగుతుంది, చందమామ ఎందుకు పారిపోతుంది అన్నది అర్థమైతే తలుపు తెరుచుకుంటుంది. అన్నీ తెలిసినవాడు మొత్తం ఆటను ఒక్క 22 నిమిషాల జీవితంలో పూర్తిచెయ్యగలడు. తెలియనివాడికి సుమారు 20 గంటలు పడుతుంది. ఆ ఇద్దరికీ మధ్య తేడా బలంలో లేదు, వేళ్ల చురుకులో లేదు, తెలివిడిలో వుంది.

కాలం తిరగబడే ఆటలు ఇదివరకు లేకపోలేదు. 2000లో జపాను వారి నింటెండో కంపెనీ, మూడు రోజుల్లో చంద్రుడు ఊరిమీద పడిపోయే కథతో 'మజోరాస్ మాస్క్' తయారుచేసింది. దానిలో కాలం వెనక్కి తిరిగినా సంపాదించిన ముఖ్యమైన వస్తువులు చేతిలో మిగిలేవి. ఇక్కడ చేతులు ఎప్పుడూ ఖాళీయే. పాతకాలపు గురువులు విద్యనుగురించి చెప్పే మాట, దొంగలెత్తుకుపోలేనిది అనేది, ఆటగా చేసి చూపిస్తే ఇల్లా వుంటుంది.

తెలుసుకున్నవి మరిచిపోకుండా నౌకలో ఒక చిట్టా వుంటుంది. ఎక్కడ ఏం చదివారో, దానికీ మరొకదానికీ సంబంధమేమిటో గీతలు గీసి చూపిస్తుంది. ఎక్కడికి వెళ్లమని మాత్రం చెప్పదు. ఆ పెద్దరికం మీకే వదిలేస్తుంది.

*

ఆ చిట్టాలో చేరేవన్నీ ఎవరి మాటలు? నోమాయి అనే పూర్వజాతివారివి. వీరు త్రినేత్రులు. ఎన్నో యుగాలకిందట ఈ సూర్యకుటుంబానికి వచ్చి, ఊళ్లు కట్టి, ఏదో ఒక పెద్ద ప్రయత్నం మీద వుండగా ఒక్కరూ మిగలకుండా పోయారు. గోడలమీద వారి రాతలు మిగిలాయి. ఆ రాతలు మన రాతల్లా వరసగా వుండవు. శంఖంలా చుట్టుకుని వుంటాయి. ఒకరు రాసిన దాని పక్కనుంచి మరొకరి జవాబు కొమ్మలాగా మొలుస్తుంది. ఆ జవాబు మీద మూడోవారి ఎగతాళి ఇంకో కొమ్మ. గోడమీది శాసనం చదువుతున్నట్టుండదు, అరుగుమీద కూచున్నవాళ్ల సంభాషణ వింటున్నట్టుంటుంది.

పేర్లలో రచయిత్రి చేసిన చిన్న ఏర్పాటు ముచ్చటగా వుంటుంది. నోమాయిల పేర్లు మొక్కలవి. ఒకరి పేరు సొలానమ్, అంటే వృక్షశాస్త్రంలో మన వంకాయ కులం. ఇంకొకరు కసావా, అంటే కర్రపెండలం. మన నాలుగుకళ్లవారి పేర్లేమో రాళ్లవి. నౌక కట్టినవారు స్లేట్, బడిపిల్లల పలక చేసే రాయి. ఆకాశాన్ని పరిశీలించేవారు చెర్ట్, చెకుముకిరాయి తెగలోది. మొక్కలు వాడిపోయాయి, రాళ్లు మిగిలాయి అని ఎవరూ నోరు విప్పి చెప్పరు.

నోమాయిలు దేవతలు కారు, రాక్షసులు కారు. పనిచేసే మనుషులు. లెక్క తప్పితే ఒకరినొకరు దెప్పుకుంటారు, పిల్లలకు పాఠాలు చెబుతారు, ప్రమాదకరమైన ప్రయోగం చెయ్యవచ్చునా కూడదా అని తర్కించుకుంటారు. తరతరాలుగా ఒకే ప్రశ్నను పట్టుకుని, తాతలు మొదలుపెట్టినది మనుమలు కొనసాగించారు. జవాబు వారికి అందిందా? చెప్పను. కాని వారు సగంలో వదిలేసిన వాక్యాన్ని చదువుతూ, దాని రెండో సగం మరో గ్రహంమీద మరో గోడమీద దొరికినప్పుడు కలిగే సంతోషం ఇంకే ఆటలోనూ లేదు.

ఇక సంగీతం. మీకంటే ముందు ఆ పల్లెటూరినుంచి బయలుదేరిన యాత్రికులు ఐదుగురున్నారు. ఒక్కొక్కరు ఒక్కొక్క గోళం మీద ఒంటరిగా నెగడు వేసుకుని కూర్చుని వుంటారు. ఒకరు బాంజో వాయిస్తారు, ఒకరు పిల్లనగ్రోవి, ఒకరు డోలు, ఒకరు నోటితో ఊదే హార్మోనికా. ఐదవవారు వట్టి ఈల. మీ దగ్గర శబ్దాన్ని పట్టే దుర్భిణి వుంది. దాన్ని ఎవరివైపు తిప్పితే వారి వాద్యం వినిపిస్తుంది. బాగా దూరంగా పోయి అందరూ ఒకే దిక్కున వుండేటట్టు చూసుకుంటే, విడివిడిగా వాయిస్తున్నవన్నీ కలిసి ఒకే పాట అని తెలుస్తుంది.

ఈ ఐదుగురికీ మొదట్లో సూర్యుడి సంగతి తెలియదు. ఎంబర్ ట్విన్ మీద నక్షత్రాల పటం గీస్తున్న చెర్ట్ దగ్గరికి మొదటి నిమిషాల్లో వెళితే ఎంతో హుషారుగా మాట్లాడతారు. అదే చెర్ట్ దగ్గరికి ఇరవయ్యో నిమిషంలో వెళ్లి చూడండి. ఆకాశం చూసేవారికి ఆకాశమే కబురు చెబుతుంది. ఆ నాలుగు మాటలు విన్నాక, కాలం వెనక్కి తిరుగుతుందని మీకు తెలిసినా, ఆయనను వదిలి లేచి రావడం కష్టమవుతుంది.

*

ఇంతవరకూ పొగడ్త. ఇక తూకంలో రెండో పళ్లెం.

మొదటి లోపం ఆరంభంలోనే వుంది. ఎక్కడికి పోవాలో, ఏం చెయ్యాలో ఎవరూ చెప్పరు. ఇది స్వేచ్ఛ అని మెచ్చుకునేవారికి ఎంత బాగుంటుందో, పగలల్లా పనిచేసి రాత్రి గంటసేపు ఆడుదామని కూర్చున్నవారికి అంత విసుగ్గా వుంటుంది. మూడు గ్రహాలు తిరిగి మూడుసార్లు చచ్చి, ఒక్క ముక్కా అర్థం కాక మూసేసినవారు లేకపోలేదు. వారిని తప్పుపట్టలేం. నవలాకారుడు మొదటి ప్రకరణంలో పాఠకుడి చెయ్యి పట్టుకోవడం ఒక బాధ్యత. ఇక్కడ చెయ్యి వదిలేశారు.

రెండవది, నడక. నౌకను నిజానికి దగ్గరగా నడిపించడం బలం అన్నాను. అదే బలహీనత కూడా. పైకీ కిందికీ అర్థం లేనిచోట ఆరు దిక్కులా తోసుకుంటూ పోవడం అందరి చేతికీ అలవడదు. కొందరికి తల తిరుగుతుంది కూడా.

మూడవదే నా దృష్టిలో అసలైన లోపం. ఈ ఆట పెట్టిన షరతు ఏమిటి? తెలిస్తే చాలు, తలుపు తెరుచుకుంటుంది. కాని కొన్నిచోట్ల తెలిసినా తెరుచుకోదు. సంగతి అర్థమైపోయింది, ఏం చెయ్యాలో తెలుసు, అయినా చెయ్యి వణికింది, లేదా కాలు ఒక అడుగు పక్కన పడింది. ప్రాణం పోతుంది. మళ్లీ నెగడు దగ్గర లేవాలి, నౌక ఎక్కాలి, అంత దూరమూ పోవాలి, అక్కడ ఇసుక దిగేదాకా కాచుకుని కూర్చోవాలి. ఇసుక కవలల దగ్గర ఒకచోటా, ముళ్లకంపలో మరొకచోటా ఇది మరీ బాధిస్తుంది. తెలియక ఓడిపోతే తెలుసుకోవాలనే పట్టుదల పెరుగుతుంది. తెలిసి ఓడిపోతే ఒళ్లు మండుతుంది. లెక్క సరిగ్గా చేసిన పిల్లవాణ్ణి చేతిరాత బాగాలేదని మళ్లీ మళ్లీ రాయించే మేష్టారిలాగా, ఆట తన నియమాన్ని తానే తప్పుతుంది.

నాలుగవది, చదువు. కథంతా గోడమీది రాతల్లో వుంది కనక చదవవలసింది చాలా వుంది. నోమాయిల పేర్లు పాతికకు పైనే. ఒక్కొక్కరు నాలుగు గ్రహాలమీద నాలుగు ముక్కలుగా కనిపిస్తారు. కసావా ఎవరో, పై ఎవరో, పోక్ ఎవరో కలగాపులగమైపోతుంది. పెద్ద కుటుంబం నవలల్లో మొదట వంశవృక్షం అచ్చువేసినట్టు ఇక్కడ కూడా ఒకటి వేసి వుంటే బాగుండేది. అదీగాక ఆట తెలుగులో లేదు. ఇంగ్లీషు ధారాళంగా చదవగలిగినవారికే దీని రుచి పూర్తిగా అందుతుంది. చేతిలోని ఫోనుమీద కూడా ఆడడానికి రాదు. కంప్యూటరో, ఆటలపెట్టెలో వుండాలి. మన ఊళ్లలో ఎక్కువమంది పిల్లలు ఆటలాడేది ఫోనుమీదే కనక వారిలో చాలామందికి ఇది అందని పండే.

శాస్త్రం సంగతి కూడా ఒక మాట. ఆకర్షణ, జడత్వం లాంటివి నిక్కచ్చిగా చూపించినా, కొలతల్లో ఈ లోకం బొమ్మల కొలువు. ఒక గ్రహాన్ని కొద్ది నిమిషాల్లో కాలినడకన చుట్టిరావచ్చు. మన సూర్యుడి కాంతికి భూమిని చేరడానికే 8 నిమిషాలు దాటుతుంది, 22 నిమిషాల్లో బృహస్పతినైనా చేరలేదు. మరొకటి, మన సూర్యుడు ఇల్లా పేలడు. అల్లా పేలడానికి సూర్యుడికి సుమారు 8 రెట్ల ద్రవ్యరాశి కావాలి. మనవాడు దాదాపు 500 కోట్ల సంవత్సరాల తరవాత ఉబ్బి ఎర్రబడి, పైపొరలు విదిలించుకుని, తెల్లటి మరుగుజ్జుగా మిగులుతాడు. ఆటచూసి పిల్లలు భయపడితే ఈ మాట చెప్పవచ్చు. దీన్ని లోపం కింద కట్టను. కథకు కావలసిన కొలతలు కథ తీసుకుంటుంది.

చిట్టచివరిది విచిత్రమైన లోపం. ఈ ఆటను ఒక్కసారే ఆడగలం. మంచి నవలను పదిసార్లు చదవవచ్చు. చదివినకొద్దీ కొత్త అందం కనబడుతుంది. ఇక్కడ తెలియడమే ఆట కనక, తెలిశాక ఆట లేదు. రెండోసారి మొదలుపెడితే అన్ని తలుపులూ తెరిచే వుంటాయి. అందుకే దీన్ని పూర్తిచేసినవారు ఒక వింతపని చేస్తారు. కొత్తగా ఆడేవారి పక్కన చేరి కూర్చుంటారు. చూసిన సినిమాకే ఊరినుంచి వచ్చిన చుట్టాన్ని వెంటబెట్టుకుపోయి, తెర చూడకుండా చుట్టం మొహం చూస్తూ కూర్చునేవారిలాగా, మరొకరి ఆశ్చర్యాన్ని చూసి తృప్తిపడతారు.

*

2021 సెప్టెంబరులో దీనికి అనుబంధంగా 'ఎకోస్ ఆఫ్ ది ఐ' అని మరొక భాగం వచ్చింది. దానిలో కథ గోడరాతల్లో లేదు. పాతకాలపు మేజిక్ లాంతరులో వేసినట్టు బొమ్మల పలకల వరసలో వుంటుంది. మాట లేకుండా బొమ్మలతోనే ఒక జాతి తాలూకు భయాన్ని చెప్పడం మెచ్చుకోదగ్గ పని. ఇంగ్లీషు చదవడం కష్టమనేవారికి ఈ భాగమే సులువు. కాని దీనిలో చీకట్లో ఎవరికీ కనబడకుండా పాకిపోవలసిన ఘట్టాలున్నాయి. అవి మొదటి ఆట స్వభావానికి పొసగలేదు. ఇక్కడ కూడా తలకంటే గుండెకే ఎక్కువ పని. తయారుచేసినవారికి కూడా ఆ సంగతి తెలుసు కాబోలు, భయం తగ్గించుకునే సదుపాయం ఒకటి పెట్టారు. వాడుకోవడంలో సిగ్గేమీ లేదు.

మరి రెండు పళ్లేలూ చూశాక ముల్లు ఎటు వాలుతుంది?

నా మట్టుకు అనుమానం లేకుండా మంచి వైపే. ఎందుకంటే దీని లోపాలన్నీ ఇంచుమించు ఒకే వేరునుంచి వచ్చాయి, గుణాలు కూడా ఆ వేరునుంచే. దారి చూపించకపోవడం వల్ల విసుగు, దారి మనమే కనుక్కోవడం వల్ల ఆనందం. తెలియడమే ఆస్తి కనక ఒక్కసారే ఆడగలం, ఒక్కసారే గనక ఆ మొదటిసారి అంత విలువైంది. చెయ్యి వణికిందని చంపే ఘట్టాలు మాత్రం ఈ లెక్కలోకి రావు. వాటిని తీసేస్తే ఆటకు పోయేదేమీ లేదు.

ఇంకో కారణం చెప్పకుండా ముగించలేను. ఆడడం మొదలుపెట్టినప్పుడు ఎవరైనా అనుకునేది ఒకటే: ఈ సూర్యుణ్ణి ఎల్లా ఆపడం? కాలం తిప్పే మంత్రం చేతికి వచ్చింది, ఇక ఊరిని కాపాడవలసింది నేనే అని. పది గంటలు గడిచేసరికి ఆ ప్రశ్న పక్కన ఇంకో ప్రశ్న మొలుస్తుంది, నోమాయి గోడమీద కొమ్మలాగా. తనకు జవాబు అందదని తెలిసిన మనిషి కూడా ఎందుకు వెతుకుతాడు? తాను చూడబోని పండుకోసం ముసలాయన మామిడి టెంక ఎందుకు పాతుతాడు? మొదటి ప్రశ్నకు ఆట ఇచ్చే జవాబు నేను చెప్పకూడదు. రెండవ ప్రశ్నకు అది మాటల్లో జవాబివ్వదు. ఐదు వాద్యాల్లో ఇస్తుంది.

ఆడదలచినవారికి నాలుగు సలహాలు. జవాబులు ఇంకెక్కడా వెతక్కండి. వెతికిన మరుక్షణం మీ డబ్బు పోయినట్టే. ఒకచోట చిక్కుపడితే పంతానికి పోక మరో గ్రహానికి పొండి. దీని తాళంచెవి అక్కడ వుండవచ్చు. వీలుంటే ఇంట్లో ఇద్దరు కలిసి ఆడండి, ఒకరు నౌక నడపడానికి, ఒకరు గోడలు చదవడానికి. ఇంగ్లీషు వచ్చిన మనవడూ, ఓపిక వున్న తాతగారూ అయితే జోడీ బాగా కుదురుతుంది.

నాలుగవది అన్నిటికంటే ముఖ్యం. నౌక తలుపు తీసేముందు దుస్తులు తొడుక్కోండి.